పర్సిస్ చల్లిన ఉప్పు

శనివారం పొద్దున దైవాశీర్వాదం భార్య జడతో కుస్తీ పడుతున్నాడు. కరుణమ్మ కుడి మణికట్టు బెణికి కట్టులో ఉంది. ఒంటిచేత్తో జడ వేసుకోవడం కుదరదు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషికి మూడు పాయల జడ మాత్రం ఇంకా లొంగలేదు.

"లాగకండి. అది జుట్టండీ, కేబులు కాదు."

"కేబులైతే ఈపాటికి అయిపోయేది. నువ్వు కదులుతున్నావు."

"నేనెక్కడ కదిలాను? మీ చెయ్యే వణుకుతోంది."

"ఈ వయసులో వణకదా మరి? ఆ రబ్బరు బ్యాండు ఇటివ్వు. ఏదో ఒకలా ముడేస్తా. మందిరానికి రేపు కదా, ఇవాళ ఎవరు చూస్తారు."

బయట డ్రైవ్‌వే మీద పార గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. వాళ్ళుండే నోవైలో రాత్రంతా మంచు కురిసింది. మంచు పడితే చాలు, పక్క ఊళ్ళో ఉండే కొడుకు జోనాథన్ పొద్దున్నే వచ్చి దారి శుభ్రం చేసి వెళతాడు. ఎంత మంచు ఎత్తితే అన్ని చీవాట్లు పెడతాడు. ప్రేమ ఎక్కువైనప్పుడల్లా గొంతు పెంచడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

కాసేపటికి బూట్లు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, కానీ మొహంలో నవ్వుంది.

"మమ్మీ, గుడ్ న్యూస్. ఇన్సూరెన్స్ వాళ్ళు మెయిల్ పంపారు. ఎయిట్ థౌజండ్ ఆఫర్ చేశారు. హాస్పిటల్ బిల్ కాకుండా. నీకు పెయిన్ వచ్చింది కదా, దానికి."

దైవాశీర్వాదం చేతిలో పాయలు జారిపోయాయి. "మణికట్టు బెణికితే ఎనిమిది వేల డాలర్లా?"

"లాయర్‌ని పెడితే ఇంకా వస్తాయి డాడీ. కానీ వద్దు, అదంతా హెడేక్. మమ్మీ ఒక్క సైన్ చేస్తే అయిపోతుంది. రేపు ఈవినింగ్ వచ్చి నేనే చేయిస్తా."

"చూశావా కరుణా, దేవుడు ఊరుకోడు. అందులో పదోవంతు మందిరానికి తీసేద్దాం. మిగిలింది నీ ఇష్టం."

కరుణమ్మ టీ కప్పు వైపే చూస్తోంది. "తొందరేముందిరా, ఆలోచించుకుందాం."

"ఏం ఆలోచించాలి? పర్సిస్ వాళ్ళు డ్రైవ్‌వే మీద ఐస్ కరగడానికి సాల్ట్ వెయ్యలేదు, నువ్వు పడ్డావు. సింపుల్. వాళ్ళ డబ్బు కూడా కాదు, కంపెనీ డబ్బు. ఎవరికీ లాస్ లేదు."

ఎవరికీ నష్టం లేదన్న ఆ మాట వినగానే కరుణమ్మ టీ కప్పు పక్కకి నెట్టేసింది.

ఎందుకు నెట్టేసిందో తెలియాలంటే మూడు వారాల వెనక్కి వెళ్ళాలి. ఆ రోజు పర్సిస్ వాళ్ళింట్లో గృహ ప్రార్థన. పర్సిస్, సృజన్ కుర్ర జంట. తెనాలి పిల్ల ఆమె, సృజన్‌ది గుంటూరు. కిందటేడు పర్సిస్ పురుడు పోసుకున్నప్పుడు వాళ్ళమ్మకి వీసా రాలేదు. ముప్పయ్యేళ్ళు నర్సుగా చేసిన కరుణమ్మే రోజూ కారేసుకుని వెళ్ళి పసిబిడ్డకి నీళ్ళు పోసి, బాలింతకి పథ్యం వండిపెట్టి వచ్చేది. "మా అమ్మ తర్వాత మీరే ఆంటీ" అని పర్సిస్ ఇప్పటికీ అంటూ ఉంటుంది.

అమెరికాలో ఎన్నేళ్ళున్నా మనవాళ్ళు చెప్పులు బయటే విడుస్తారు. చలికాలంలో ఆ బయట అనేది గరాజ్ అవుతుంది. ప్రార్థన ఉన్న రోజున గుమ్మం దగ్గర బూట్లు, చెప్పులు గుట్టపడి ఉంటాయి. కారులోంచి ఏదైనా తేవాలంటే ఎవరి బూట్లు వాళ్ళు వెతుక్కుని లేసులు కట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? పైన ఏది కనిపిస్తే అందులో కాళ్ళు దూర్చేసి పరిగెత్తడమే. కరుణమ్మా అదే చేసింది. బిర్యానీలోకి చేసిన పెరుగు చట్నీ కారులో మర్చిపోయింది.

"ఆంటీ, మీరు వెళ్ళొద్దు, ఆయన్ని పంపిస్తా" అని పర్సిస్ వంటింట్లోంచి అంటూనే ఉంది.

"ఎంత దూరమమ్మా, ఇలా వెళ్ళి అలా వస్తా" అని కరుణమ్మ సృజన్ హవాయి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. అవి ఆమె పాదాలకి పడవల్లా ఉన్నాయి. డ్రైవ్‌వే మీద నడుస్తుంటే కింద ఉప్పురాళ్ళు కరకరమన్నాయి. ఆ చప్పుడు ఆమెకి స్పష్టంగా గుర్తుంది. కారు మాత్రం రోడ్డు పక్కన ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళడం ఎందుకని, మంచు గడ్డకట్టిన గడ్డి మీదుగా అడ్డంగా నడిచింది. చెప్పు ఒకవైపు పోయింది, కాలు ఇంకోవైపు పోయింది.

ఎమర్జెన్సీ గదికి జోనాథన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. అంతకు ముందు చలికాలంలో కూడా కరుణమ్మ చెప్పులతో మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళి జారిపడింది. అప్పుడే మంచు బూట్లు కొనిపెట్టి, ఇంకోసారి స్లిప్పర్స్‌తో మంచులోకి వెళితే కారు తాళాలు తీసేసుకుంటానని గట్టిగా చెప్పాడు. కారు లేకపోతే కరుణమ్మకి కాళ్ళు లేనట్టే. సంఘంలో నిండు చూలాలిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నా, కొత్తగా వచ్చినవాళ్ళకి సరుకుల కొట్టు చూపించాలన్నా అందరికీ కరుణమ్మే గుర్తొస్తుంది.

"మళ్ళీ స్లిప్పర్స్ వేసుకున్నావా?" అని అడిగాడు వాడు.

"లేదురా. వాళ్ళు ఉప్పు వెయ్యలేదు" అంది.

అంతే. నొప్పిలో, కొడుకు మొహం చూసిన భయంలో నోట్లోంచి వచ్చేసిన మాట. రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారనుకుంది. కానీ సృజనే పట్టుబట్టాడు. మా హోమ్ ఇన్సూరెన్స్ ఉంది, క్లెయిమ్ చేయండి ఆంటీ, మా ఇంట్లో పడ్డారు కదా అన్నాడు. ఇన్సూరెన్స్ ఆవిడ ఫోన్ చేసి, మాటలు రికార్డవుతాయని చెప్పి, ఎలా పడ్డారని అడిగింది. జోనాథన్ పక్కనే కూర్చుని ఉన్నాడు. కరుణమ్మ ఇంగ్లీషులో "నో సాల్ట్" అంది. ఆవిడ మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అంది.

ఆదివారం మధ్యాహ్నం తెలుగు ఆరాధన. ఒక అమెరికన్ చర్చివాళ్ళ హాలు అద్దెకి తీసుకుని జరుపుకుంటారు. పాటలయ్యాక పాస్టరుగారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు ఉన్నవాళ్ళు చెప్పవచ్చన్నారు. సృజన్ లేచి నిలబడ్డాడు.

"అందరికీ వందనాలు. సాక్ష్యం కాదండి, ఒక మాట. మా ఇంట్లో జరిగిన అజాగ్రత్త వల్ల కరుణమ్మ ఆంటీకి దెబ్బ తగిలింది. ఉప్పు చల్లమని నేను పర్సిస్‌కి చెప్పాను. పాపతో హడావిడిలో తను మర్చిపోయింది. మా కుటుంబం తరఫున క్షమాపణ అడుగుతున్నా. మాకోసం ప్రార్థన చెయ్యండి."

మంచివాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆడవాళ్ళ వరసలో కూర్చున్న పర్సిస్ తల ఎత్తలేదు. పాపని భుజాన వేసుకుని నెమ్మదిగా వెనక తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది. ముందు వరసలో ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. కరుణమ్మ కుర్చీలో కూర్చోలేక లేచి వెనకే వెళ్ళింది.

హాలు వెనకున్న వంటగదిలో పర్సిస్ ఒక్కతే భోజనాల కోసం కాగితం పళ్ళాలు సర్దుతోంది. పాప పక్కన కుర్చీలో బిస్కెట్ నములుతోంది.

"పర్సీ, అబ్బాయి అలా అందరి ముందు..."

"పర్లేదు ఆంటీ. తప్పు నాదే కదా." ఆమె పళ్ళాల మీంచి చూపు తిప్పలేదు. "ముందు వేశాననే అన్నాను. బకెట్ తీసుకుని డ్రైవ్‌వే అంతా తిరిగి చల్లినట్టు గుర్తు. మళ్ళీ చూసుకుందామంటే ఆ రాత్రి పడ్డ మంచు అంతా కప్పేసింది. నువ్వు ఫోన్ చూసుకుంటూ మర్చిపోయుంటావు అన్నారు ఆయన. ఇంట్లో పెద్ద గొడవైంది. అంత పెద్దావిడ అబద్ధం చెబుతారా, నర్సుగా చేసిన మనిషి అన్నారు. అప్పట్నుంచి నాకే అర్థం కావట్లేదు. ముందు రోజు చల్లింది గుర్తు పెట్టుకుని ఆ రోజు చల్లాననుకుంటున్నానేమో. నిన్న స్టవ్ ఆపానో లేదో అని పాపని ఎత్తుకుని మూడుసార్లు కిందికి దిగి చూసుకున్నా."

కరుణమ్మ పాప ఒళ్ళో పడ్డ బిస్కెట్ ముక్కలు దులిపింది.

"మీరు ఆ డబ్బు తీసుకోండి ఆంటీ, ప్లీజ్. సృజన్ చెప్పారు, మీరు ఇంకా సైన్ చెయ్యలేదంట కదా. నామీద జాలితో వదిలేస్తారేమో అని భయంగా ఉంది. మీరు తీసుకుంటే నా మనసు కొంచెం తేలికవుతుంది."

"అది కాదు తల్లీ..."

అంతలో ఇద్దరు ఆడవాళ్ళు చికెన్ కూర గిన్నెతో లోపలికి వచ్చారు. "ఏం పర్సిస్, ఈసారి కూరలోనన్నా ఉప్పు వేశావా, అదీ మర్చిపోయావా" అని ఒకావిడ నవ్వింది. పర్సిస్ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి కరుణమ్మ గబగబా కోటు వేసుకుని బయటికి వచ్చేసింది. ఆ రోజు భోజనం చెయ్యలేదు.

సాయంత్రం జోనాథన్ టాబ్లెట్ తీసుకుని వచ్చాడు. డైనింగ్ టేబుల్ మీద దాన్ని తల్లి ముందు పెట్టి, "ఇక్కడ వేలితో సైన్ చెయ్ మమ్మీ. లెఫ్ట్ హ్యాండ్‌తో అయినా ఓకే" అన్నాడు.

"నేను చెయ్యను."

"ఎందుకు? ఇంకా ఎక్కువ అడగాలా?"

"అడగొద్దు. అసలేమీ వద్దు. నాకు రావలసింది కాదది."

జోనాథన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పర్సిస్ ఏమన్నా అందా? ఏడ్చిందా? మమ్మీ, నువ్వు ఎప్పుడూ ఇంతే. ఎవరు ఏడిస్తే వాళ్ళ వైపు. నేను కంపెనీతో ఎన్ని కాల్స్ మాట్లాడానో తెలుసా నీకు? ఆఫీస్ మానేసి మాట్లాడాను."

"ఆ పిల్ల ఉప్పు చల్లిందిరా."

వాడికి అర్థం కాలేదు. "ఏంటి?"

"ఉప్పు ఉంది. నా కాళ్ళ కింద కరకరలాడింది. నేను పడింది డ్రైవ్‌వే మీద కాదు, గడ్డి మీద. సృజన్ చెప్పులేసుకుని వెళ్ళాను. ఆ పిల్ల వెళ్ళొద్దని మొత్తుకుంది కూడా."

జోనాథన్ మొహం ఎర్రబడింది.

"అంటే నాతో లై చేశావా? హాస్పిటల్‌లో? మళ్ళీ ఫోన్‌లో, రికార్డ్ అవుతుంటే? డు యు నో హౌ సీరియస్... డాడీ, మీరు విన్నారా?"

దైవాశీర్వాదం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు తెలుసు."

ఈసారి కరుణమ్మ తలెత్తి చూసింది.

"అరుపు విని ముందు వెళ్ళింది నేనే కదా. ఒక చెప్పు నీ కాలికుంది, ఒకటి గడ్డిలో ఉంది. నిన్ను డ్రైవ్‌వే మీద కూర్చోబెట్టి, రెండూ తీసి గుమ్మం దగ్గర గుట్టలో పడేశాను, ఎవరూ చూడకుండా. నొప్పిలో నువ్వూ గమనించలేదు. అబ్బాయి నిన్ను తిడతాడని. ఆ తర్వాత నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు." ఆయన గొంతు తగ్గింది. "పైగా నిన్న పదోవంతు దేవుడికి తీద్దామన్నాను. నాకు సిగ్గులేదు."

"అబద్ధంలో పదోవంతు ఆయనేం చేసుకుంటాడండీ" అంది కరుణమ్మ.

జోనాథన్ లేచి నిలబడ్డాడు. "ఇద్దరూ కలిసి నన్ను ఫూల్ చేశారు. ఎందుకు? నేను ఏం చేస్తాను మిమ్మల్ని? కొడతానా?"

"కొట్టవు నాన్నా." కరుణమ్మ కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు అరుస్తావు. కారు తీసేసుకుంటానన్నావు. చిన్నప్పుడు నువ్వు సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుపోయినప్పుడు నాకు చెప్పకుండా రెండు రోజులు ప్యాంటు వేసుకుని తిరిగావు, గుర్తుందా? ఎందుకురా అంటే నువ్వు అరుస్తావని అన్నావు. ఇప్పుడు నాకూ అదే భయం. వయసైపోయాక ఇలా అవుతుందని నేనూ అనుకోలేదు."

వాడు కిటికీ దగ్గరికి వెళ్ళి, తను నిన్న శుభ్రం చేసిన దారి వైపు చూస్తూ నిలబడ్డాడు. భుజాలు కిందికి దిగాయి.

"నువ్వు పడ్డావని ఫోన్ వచ్చినప్పుడు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, "హైవే మీద ఎలా డ్రైవ్ చేశానో నాకే తెలీదు మమ్మీ. నువ్వు చచ్చిపోయావు అనుకున్నా. అందుకే వచ్చి అరిచా. నాకు వేరేలా రాదు."

"తెలుసురా."

"నీకు తెలుసు. కానీ భయపడ్డావు." ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఐయామ్ సారీ. కారు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అరవకుండా. ఇప్పుడు ఈ ఆఫర్ ఏం చేద్దాం? నో అంటే చాలు కదా? రీజన్ చెప్పక్కర్లేదు. డబ్బు రాదు, అయిపోతుంది."

కరుణమ్మకి ఆ దారి ఎంత సుఖంగా కనిపించిందో చెప్పలేం. సంతకం చెయ్యకపోతే చాలు. డబ్బు వద్దన్నందుకు అందరూ కరుణమ్మగారి మనసు బంగారం అంటారు. పర్సిస్ మాత్రం జీవితమంతా స్టవ్ ఆపానో లేదో చూసుకుంటూ మెట్లు దిగుతూనే ఉంటుంది.

"డబ్బు నాకు, తప్పు ఆ పిల్లకి అని రాసుకున్నారు కదా ఇన్సూరెన్స్ వాళ్ళు," అందామె. "డబ్బొక్కటే కొట్టేస్తే సరిపోదు. ఆవిడ నంబరు కలుపు."

ఆదివారం కాబట్టి ఇన్సూరెన్స్ ఆవిడ తియ్యలేదు. మెసేజ్ పెట్టమంది మెషిన్. కరుణమ్మ డ్యూటీ మారేటప్పుడు పేషెంటు సంగతులు అప్పజెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడమరిచి ఇంగ్లీషులో చెప్పింది. తన పేరు చెప్పి, ఉప్పు చల్లి ఉందనీ, తను చెప్పులతో గడ్డి మీద నడిచి పడ్డాననీ, ముందు చెప్పింది నిజం కాదనీ, డబ్బు అక్కర్లేదనీ, ఏమైనా అడగాలంటే తననే అడగమనీ చెప్పింది. ఫోన్ పెట్టేసి కోటు అందుకుంది.

"ఇప్పుడు పర్సిస్ వాళ్ళింటికి వెళ్దాం."

"ఫోన్‌లో చెప్పొచ్చుగా కరుణా," అన్నాడు దైవాశీర్వాదం.

"ఫోన్‌లో ఒకసారి చెప్పిందే ఇంతైంది."

ముగ్గురూ వెళ్ళేసరికి సృజన్ సోఫాలో లాప్‌టాప్‌తో ఉన్నాడు. పర్సిస్ పాపకి అన్నం పెడుతోంది. పెద్దవాళ్ళు చెప్పకుండా వచ్చారని ఇద్దరూ కంగారుపడ్డారు. "కూర్చోండి ఆంటీ, టీ పెడతా" అని పర్సిస్ లేవబోయింది.

"టీ వద్దు తల్లీ. నువ్వూ కూర్చో. బాబూ సృజన్, నువ్వు వినాలిది."

ఆమె చెప్పింది. ఏదీ దాచలేదు. కరకరమన్న ఉప్పురాళ్ళ సంగతీ, చెప్పుల సంగతీ, కొడుక్కి భయపడ్డ సంగతీ చెప్పింది. చెప్పులు దాచింది తనేనని దైవాశీర్వాదం మధ్యలో అందుకున్నాడు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేశామని జోనాథన్ చెప్పాడు. "పడిపోయింది నేను, కట్టు కట్టింది మాత్రం నీ నోటికి," అంది కరుణమ్మ పర్సిస్‌తో. "నీ బిడ్డకి నీళ్ళు పోసిన చేతులివి. క్షమించమని అడగడానికి మొహం చెల్లట్లేదు."

పర్సిస్ చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. పాప నోరు తెరిచి ఎదురుచూస్తోంది. ఆమె ముద్ద పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మీమీద కోపం లేదని చెప్పను ఆంటీ," అంది మెల్లగా. "ఉంది. చాలా ఉంది. నాకు పిచ్చెక్కుతోందేమో అనుకున్నా ఈ మూడు వారాలు. కానీ మీరు ఇంత చలిలో వచ్చి చెప్పారు. మీరు రాకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ కోపం కొన్నాళ్ళు ఉంటుంది, తర్వాత పోతుంది. మీరు మాత్రం మా ఇంటికి రావడం మానకండి."

కరుణమ్మ చీర కొంగుతో మొహం కప్పుకుంది.

సృజన్ లాప్‌టాప్ మూసేశాడు. "నేను వచ్చే ఆదివారం మళ్ళీ నిలబడతాను. అందరి ముందూ చెబుతాను, నేను పొరపాటు పడ్డానని."

"నువ్వు కాదు బాబూ, నిలబడాల్సింది నేను," అంది కరుణమ్మ కొంగులోంచే.

"చర్చిలో ఎవరు చెప్పినా మంచిదే," అంది పర్సిస్. "కానీ చర్చివాళ్ళు నమ్మకపోతే నాకంత బాధ లేదు. వాళ్ళతో నేను కాపురం చెయ్యట్లేదు." ఆమె భర్త వైపు చూసింది. "ఉప్పు చల్లానని మొదటిరోజే మీతో అన్నాను. మీరు ఒక్కసారి కూడా, ఏమో, చల్లావేమో అనలేదు."

సృజన్ తల దించుకున్నాడు. దైవాశీర్వాదం, జోనాథన్ ఎటు చూడాలో తెలియక పాప వైపు చూశారు.

"చల్లావు పర్సీ," అన్నాడు సృజన్ చివరికి.

"వినపడలేదు."

అతను లేచి వచ్చి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "నువ్వు చల్లావు. నేనే నమ్మలేదు."

అందరి ముందూ భర్త నిందించినప్పుడు ఏడవని పిల్ల, కూర దగ్గర ఎగతాళి చేసినప్పుడు నవ్విన పిల్ల, అప్పుడు ఏడ్చింది. పాప బెదిరిపోయి తనూ రాగం అందుకుంది. కరుణమ్మ కట్టులేని ఎడంచేత్తో పాపని దగ్గరికి తీసుకుని, వాళ్ళిద్దరికీ అడ్డం రాకుండా వంటింట్లోకి నడిచింది.